నేను దిద్దిన గొంతు

బాలనర్సింహను మీరు చూసే ఉంటారు. పేరు చెబితే గుర్తుపట్టరు, మొహం చూస్తే గుర్తుపడతారు. పెళ్ళిచూపుల సీనులో సోఫా అంచున కూర్చునే మేనమామ, కోర్టు సీనులో ఫైళ్ళు అందించే గుమాస్తా, పంచాయతీలో సర్పంచి వెనక తలపాగా చుట్టుకుని నిలబడే పెద్దమనిషి, అన్నీ ఆయనే. ముప్పై ఏళ్ళలో నూటపాతిక సినిమాలు చేశాడు. తొంభై దాకా తెలుగువి, మిగతావి పాతబస్తీవాళ్ళు తీసే హైదరాబాదీ ఉర్దూ సినిమాలు. విజిటింగ్ కార్డు మీద ‘ద్విభాషా నటుడు’ అని అచ్చు వేయించుకున్నాడు. ఆ మాట రాసిచ్చింది నేనే. ఆయన చేసిన తప్పుల్లో చాలావాటి వెనక నా చేతిరాత ఉంటుంది.

నా పేరు సోమయ్య. ఇబ్రహీంపట్నం హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి నాలుగేళ్ళ కిందట రిటైరయ్యాను. బాలనర్సింహకు జరిగిన అన్యాయం ఎవరిదని అడిగితే సినిమావాళ్ళ మీదికి తోసెయ్యడం సులువు. తోస్తాను కూడా, వాళ్ళేమీ పత్తిగింజలు కాదు. కానీ ముందు నా సంగతి చెప్పకుండా వాళ్ళ జోలికి పోవడం మర్యాద కాదు.

మా రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. వాళ్ళ నాన్న కృష్ణయ్యది వ్యవసాయం. తల్లి కమలమ్మ నోరు తెరిస్తే వాడకట్టంతా చెవులు రిక్కించేది, అంత రుచిగా మాట్లాడేది. బాలనర్సింహ పదో తరగతి తప్పి బస్టాండు దగ్గర మహబూబ్ భాయ్ సైకిల్ షాపులో పనికి కుదిరాడు. అక్కడే ఉర్దూ పట్టుబడింది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ దిద్దలేదు. పంక్చర్లు వేస్తూ, తిట్లు తింటూ, తిరిగి తిడుతూ నేర్చుకున్నాడు. ఆ భాష ఆయనకు ఇవాళ్టికీ నీళ్ళలా పారుతుంది. నేర్పిన గురువు లేకపోవడమే దానికి కారణమని నాకు ఈమధ్యే తెలిసొచ్చింది.

ఇరవై ఆరేళ్ళప్పుడు మొదటి సినిమా వేషం దొరికింది. ఒకే ఒక్క డైలాగు. పాలేరు పాత్ర, యజమాని అడిగితే “నాకు తెలియదు బాబూ, నేను చూడలేదు” అనాలి. కెమెరా తిరిగేసరికి కంగారులో ఇంటి మాట బయటికొచ్చింది. “నాకెర్క లేదు దొరా, నేను జూడలే” అన్నాడు. సెట్టంతా పగలబడి నవ్వారట. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారట. దర్శకుడు నవ్వలేదు. “ఈ భాషకు రౌడీ వేషం వచ్చినప్పుడు పిలుద్దాంలే” అని ఆ డైలాగు పక్కవాడికి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం నేరుగా మా ఇంటికొచ్చాడు. బట్టలు కూడా మార్చుకోలేదు.

“అన్నా, నాకు మంచి తెలుగు నేర్పు” అన్నాడు. “గా భాష రాకపోతే నన్ను మనిషి లెక్క జూడరే.”

నాకప్పుడు ముప్పై రెండేళ్ళు, ఒంటినిండా పాండిత్యం. మన మాట మాటే కాదా అని నేను అనలేదు. అనాలని తోచనైనా తోచలేదు. పైగా సంబరపడ్డాను. ప్రతి ఆదివారం పొద్దున బడి వరండాలో కూర్చోబెట్టి పేపరు పైకి చదివించేవాణ్ణి. నాలుక జారినప్పుడల్లా డస్టర్‌తో బల్ల మీద కొట్టేవాణ్ణి. మొదట్లో పేరాకు పది దెబ్బలు పడేవి. ఆర్నెల్లకు ఒకటీ రెండుకు దిగాయి. అప్పుడు నేనొక గొప్ప ఉపాయం చెప్పాను.

“వారానికొక్కనాడు మాట్లాడితే రాదు. ఇంట్ల గూడ గిదే మాట్లాడు. అమ్మతోని, బాపుతోని, అందరితోని. నోటికి అలవాటు గావాలె” అన్నాను.

ఈ సలహా చెప్పిన నేను ఏం చేస్తున్నానో చూడండి. బడిలో పుస్తకం భాష, గేటు దాటగానే ఇంటి భాష. చెప్పులు విప్పినంత తేలిగ్గా భాష విప్పి గుమ్మం బయట పెట్టేవాణ్ణి. ఆయన్ను మాత్రం వేసుకున్న చెప్పులతోనే పడుకోమన్నాను. ఆయన పడుకున్నాడు. నా మాటంటే అంత గురి.

కమలమ్మ మొదట నవ్వింది. “అమ్మా, భోజనం చేశావా” అని కొడుకు అడిగితే, “ఎవలింటి అల్లునివిరా నువ్వు?” అనేది. తర్వాత కసురుకునేది. తర్వాత ఏమీ అనడం మానేసింది. మహేశ్వరంలో రేణుకను చూడడానికి వెళ్ళినప్పుడు పిల్ల తరఫువాళ్ళు, అబ్బాయి వేరే జిల్లానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడేమోనని కృష్ణయ్యను చాటుగా అడిగారు. ఆ మాట మా వాడకట్టులో ఏడాది పాటు నవ్వులాటగా నడిచింది. కృష్ణయ్య మాత్రం నవ్వలేదు. చనిపోయే ముందు దవాఖానలో కొడుకు “నాన్నా, నొప్పిగా ఉందా” అంటే, ఎవరో డాక్టరు అడిగారనుకుని “లేదు సార్” అన్నాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. మగతలో ఉన్నాడులే అని సర్దిచెప్పాను.

ఇంత చేసి సాధించిందేమిటంటే, వేషాలు దొరికాయి, గొంతు మాత్రం దొరకలేదు. సినిమాల్లో చిన్న వేషగాళ్ళను డబ్బింగుకు పిలవరు. గుమాస్తాకీ, మేనమామకీ, తలపాగాకీ కలిపి ఒకే మనిషి ఒక పూటలో గొంతు ఇచ్చేసి పోతాడు. బాలనర్సింహకు అలా దొరికిన మనిషి సాల్మన్ రాజు. కోనసీమ వైపు నుంచి వచ్చినవాడు, మంచివాడు, గొంతు గుడిగంటలా ఉంటుంది. తొంభై తెలుగు సినిమాల్లో బాలనర్సింహ నోట పలికింది ఆయనే. ఇక పాతబస్తీ సినిమాల్లో అలాంటి ఖర్చులకు తావు లేదు. అక్కడ ఎవరి వేషానికి వాళ్ళదే గొంతు. ఇప్పటికీ చార్మినారు పక్క సందుల్లో ఈయన్ను చూస్తే “ఏ పటేల్!” అని కేకేసి చాయ్ తాగిస్తారు. అక్కడ ఆయన వేసేదల్లా ఒకే పాత్ర, ఊరినుంచి వచ్చి అందరి చేతిలో మోసపోయే పటేల్. పరాయి భాషలో సొంత గొంతుతో నవ్వులపాలు, సొంత భాషలో పరాయి గొంతుతో పెద్దరికం. రెంటికీ చెడ్డ రేవడు అంటారు కదా, దానికి బొమ్మ గీయమంటే నేను బాలనర్సింహను గీస్తాను.

కమలమ్మ కొడుకు తెలుగు సినిమాలు చూడదు. మొదట్లో ఒకటి చూసి, “మొకం మావోనిది, గొంతు ఎవల్దో. నాకొద్దు” అని లేచొచ్చింది. ఆ మాట ఆయన్ను ఎంతగా తొలిచిందంటే, ఒక్కటంటే ఒక్క తెలుగు సినిమాలో తన గొంతుతో మాట్లాడి తల్లికి వినిపించాలన్నది తప్ప ఆయనకు ఇంకో కోరిక లేకుండా పోయింది. పేరు, అవార్డు, కారు, ఏదీ అడగలేదు. సాగర్ రోడ్డు పొడుగునా అందరూ వెంచర్లు వేసి మేడలు కడుతుంటే, ఈయన బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, ఇంకో బస్సెక్కి సినిమా ఆఫీసులుండే కృష్ణానగర్ పోయి, “డబ్బింగు నేనే చెబుతానండి” అని బతిమాలేవాడు. వాళ్ళు “చూద్దాం” అనేవాళ్ళు. తెలుగు సినిమాలో చూద్దాం అంటే చూడం అని అర్థం.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఒక్కొక్కటిగా మన మాటలు తెర మీదికొచ్చాయి. నవ్విన నాపచేనే పండుతుందంటే ఇదే అనుకున్నాం. రౌడీకీ వంటమనిషికీ తప్ప పనికిరాదన్న భాషను హీరోలు మాట్లాడడం మొదలుపెట్టారు. బాలనర్సింహ ఇంటి తలుపు కొట్టడానికి మాత్రం ఆ అదృష్టానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

తలుపు కొట్టినవాడి పేరు వినీత్. తుర్కయాంజాల్ అపార్టుమెంట్లలో పెరిగిన కుర్రవాడు, మొదటి సినిమా తీస్తున్నాడు. భూమి అమ్ముకున్న ముసలి రైతు కథ. ముసలాయనే సినిమాకు ప్రాణం.

“మీరు లోకల్ కదా సార్, అందుకే మీ దగ్గరికొచ్చాను. గొంతు కూడా మీదే ఉండాలి. నాకు ఒరిజినల్ కావాలి” అన్నాడు వినీత్.

బాలనర్సింహ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. యాభై ఐదేళ్ళ మనిషి, చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చేశాడు. మర్నాటికల్లా ఊరంతా తెలిసిపోయింది. బస్టాండు హోటల్లో, మన్నెగూడ చౌరస్తాలో, కనిపించిన ప్రతివాడికీ “ఈసారి నా గొంతేనండి” అని చెప్పాడు. అండి అన్నాడని ఎవరైనా ముసిముసిగా నవ్వి ఉంటే, నేను గమనించలేదు. కమలమ్మ ఒక్కటే అడిగింది. “నిజంగ నువ్వే మాట్లాడ్తవా?” “నేనేనమ్మా” అన్నాడు. “అయితే నేనొస్త” అంది.

షూటింగు బాగా జరిగింది. ఆయన నడిచిన తీరు, కూర్చున్న తీరు, గట్టు మీద చెయ్యి ఆన్చి లేచిన తీరు, అన్నీ కృష్ణయ్యవే. వినీత్ ఒకరోజు వాళ్ళింటికొచ్చి, బియ్యం చెరుగుతున్న కమలమ్మ ముందు ఫోను పెట్టి గంటసేపు ఆమె మాటలు రికార్డు చేసుకున్నాడు. ఆమె కూడా ఏ దాపరికం లేకుండా చేను గురించీ, బర్రెల గురించీ, మొగుడి మొండితనం గురించీ చెప్పింది.

డబ్బింగు రోజు బాలనర్సింహ నన్ను కూడా తీసుకెళ్ళాడు. స్టూడియోలో చల్లటి గది, మధ్యలో అద్దం. అద్దానికి అవతల మైకు ముందు ఆయన, ఇవతల వినీత్, మిషను నడిపేవాళ్ళు, ఒక మూల నేను. భూమి అమ్మిన మర్నాడు ముసలాయన కూతురితో అనే మాట ముందు చెప్పమన్నారు. కాగితం మీద ఇలా ఉంది: “భూమి వోయినంక పొద్దుగాల లేసి ఏడికి వోవాలె బిడ్డా?”

బాలనర్సింహ చెప్పాడు. ప్రతి మాటా కాగితం మీద ఉన్నట్టే చెప్పాడు. కానీ ఆ వాక్యం రేడియోలో వార్తలా వచ్చింది.

“సార్, కొంచెం ఫ్రీగా” అన్నాడు వినీత్.

రెండోసారి చెప్పాడు. మూడోసారి చెప్పాడు. నాలుగోసారి, యాస చాలలేదనుకుని, ప్రతి మాటకూ ఒక ఒత్తు తగిలించాడు. అది ఇంకా ఘోరం. టీవీలో మనల్ని వెక్కిరించడానికి మాట్లాడతారే, అచ్చం అలా ఉంది. మిషను దగ్గరున్న ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మొదటి సినిమాలో ఆయన్ను చూసి నవ్వింది మన మాట వచ్చినందుకు. ఇప్పుడు నవ్వింది రానందుకు.

వినీత్ మర్యాదగానే అన్నాడు. “సార్, అసలు నటించొద్దు. ఇంట్లో మీరు ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి చాలు.”

అద్దం అవతలనుంచి బాలనర్సింహ అన్నాడు, “నేను ఇంట్లో ఇలాగే మాట్లాడతానండి.”

తర్వాత ఆయన నావైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. నేను పిల్లవాడికి పద్యం అందించినట్టు ఆ మాట పలికి చూపిద్దామని లోపలికి వెళ్ళాను. నాకు వచ్చింది, చక్కగా వచ్చింది. ఆయన విని, తల ఊపి, మళ్ళీ పలికాడు. రాలేదు. మధ్యాహ్నం దాకా అలా గడిచింది. మూడు గంటలకు వినీత్ “మిగతాది ఇంకోరోజు చూద్దాం సార్” అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. అయినా బస్సులో వస్తూ ఆయన, “మొదటిసారి చెప్పింది వాడుకుంటారేమో అన్నా, అది కాస్త నయంగా వచ్చింది” అన్నాడు. నేను అవునన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడికి ఆకు కూడా నేనే అందించాను.

మళ్ళీ పిలుపు రాలేదు. సినిమా విడుదల తేదీ వచ్చింది. మొదటిరోజు పొద్దున ఆటకు కమలమ్మ కొత్త చీర కట్టుకుని బయల్దేరింది. ఒక పక్క కొడుకు, ఒక పక్క కోడలు రేణుక, ఆ పక్కన నేను.

సినిమా మొదలైన పది నిమిషాలకు ముసలాయన నోరు తెరిచాడు. బాలనర్సింహ గొంతు కాదు. సాల్మన్ రాజు గొంతు. తొంభై సినిమాలుగా విన్న ఆ గుడిగంటే. కానీ అది మాట్లాడుతున్నది మా ఇబ్రహీంపట్నం మాట, అచ్చం మా వాడకట్టు మాట. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఎక్కడ మింగాలో అక్కడ మింగుతోంది. “పొద్దుగాల లేసి ఏడికి వోవాలె బిడ్డా” అన్నప్పుడు నా పక్కనున్న సీట్లలో ముక్కులు చీదుకున్నారు. నాకు కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళకు నాకు ఇవాళ్టికీ సిగ్గే.

ఎన్నడో ఒక్క సినిమాలో విన్న ఆ గొంతు కమలమ్మకు గుర్తులేదు. చీకట్లో కొడుకు చెయ్యి పట్టుకుంది.

“ఇన్నొద్దులకు మాట్లాడినవ్ కొడుకా” అంది. “మీ బాపు లెక్కనే మాట్లాడినవ్.”

సినిమా అయ్యేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు సాల్మన్ రాజు ఫోన్ చేశాడు. నేను బాలనర్సింహ ఇంట్లోనే ఉన్నాను. “మీకు ముందే చెప్పుంటారనుకున్నానన్నయ్యా, దేవుడి సాక్షిగా నాకు తెలీదండి” అని పాపం గిలగిల్లాడాడు. ఆ యాస ఎలా పట్టావని బాలనర్సింహ అడిగాడు. “వినీత్ గారు ఓ రికార్డింగు ఇచ్చారండి. ఎవరో ముసలావిడ, బియ్యం చెరుగుతా మాట్లాడుద్ది. నెల్రోజులు చెవిలో అదే పెట్టుకుని పడుకున్నానండి” అన్నాడు. బాలనర్సింహ “బాగా చెప్పావయ్యా” అని ఫోన్ పెట్టేశాడు. అమ్మ మాట నెలరోజుల్లో పరాయివాడికి పట్టుబడింది. కడుపున పుట్టినవాడికి రాకుండా చేసింది నేను.

సినిమా ఆడింది. ఊరికి పండగైంది. “మనోడు మన భాషను నిలబెట్టిండు” అని కుర్రవాళ్ళు ఫ్లెక్సీలు కట్టారు. సన్మానం పెట్టారు. బాలనర్సింహ వద్దని చెప్పాడు. ఎందుకు వద్దో చెప్పలేడు కదా, చెబితే తల్లికి తెలుస్తుంది. చివరికి ఫంక్షన్ హాల్లో శాలువా కప్పారు, దండలు వేశారు. కమలమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టారు, పక్కన నన్ను. గురువుగారు కదా.

“అన్నా, గా డైలాగు ఒక్కసారి గొట్టు!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. తర్వాత హాలంతా అరిచింది. కమలమ్మ కూడా కొంగు సర్దుకుని ముందుకు వంగింది. “చెప్పు కొడుకా” అంది.

బాలనర్సింహ మైకు పట్టుకున్నాడు. “అందరికీ నమస్కారమండి” అన్నాడు. ఆగాడు. “భూమి పోయాక… వోయినంక…” అని మళ్ళీ ఆగాడు. నుదురు తడిసిపోయింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. “సినిమాల మంచిగనే మాట్లాడినవ్ గదనే, గీడ గా దిక్కోళ్ళ లెక్క మాట్లాడుతవేంది? పేరొచ్చినంక మారినవా?” అని ఒక కుర్రవాడు కేకేశాడు. కొందరు నవ్వారు.

అప్పుడు ఆయన భుజాలు వదులయ్యాయి. మొహంలోకి పాతబస్తీ పటేల్ వచ్చేశాడు. “నక్కో భాయ్, పటేల్ ఘర్‌కు జారా! తుమ్ లోగాఁ ఖానా ఖాలేవ్!” అన్నాడు. వద్దు భాయ్, పటేల్ ఇంటికి పోతున్నాడు, మీరు భోంచెయ్యండి అని. గొంతు ఖంగుమంది, ఒక్క అక్షరం తడబడలేదు. హాలు విరగబడి నవ్వింది, ఈలలు వేసింది. ఆ నవ్వుల్లోనే శాలువా కుర్చీ మీద పెట్టి, వేదిక వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. అందరూ అన్నాలకు లేచారు.

కమలమ్మ లేవలేదు. ఖాళీ అయిన వేదికవైపే చూస్తూ అడిగింది.

“సోమయ్యా, సినిమాల గా గొంతు మావోనిది గాదా?”

నలభై ఏళ్ళు ఆమె చేతి అంబలి తాగినవాణ్ణి, నిజం చెప్పడానికి నోరు రాలేదు. “బాలనర్సింహదే పెద్దమ్మా” అన్నాను.

“వానిదే అయితే, నాతోని ఎన్నడు గట్ల ఎందుకు మాట్లాడడు? నేనేం తప్పు జేసిన?”

తప్పు తనదేమోనని అడుగుతోంది. అది విన్నాక ఇక దాచడం నావల్ల కాలేదు.

“నీ తప్పేం లేదు పెద్దమ్మా. ఇంట్ల గట్ల మాట్లాడొద్దని నేనే జెప్పిన.”

ఆమె వేదిక మీంచి చూపు తిప్పి నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

“నీకేం అన్యాలం జేసినం సోమయ్యా మేము?” అంది.